సూది బెజ్జం

ఇరవై రెండేళ్లు పెళ్లి గౌన్లు కుట్టాను
ఒర్మోక్ రేవు వీధిలో.
తెల్లబట్ట మీద నా కుట్టు కనపడితే
ఆ పూట అన్నం సయించేది కాదు.
ఇప్పుడు కొండ మీది ఆవిరి బావుల వాళ్లొచ్చి
ఆవిరి చొరని బట్ట కుట్టమన్నారు.
లోపల కిరీనో ఉంటాడు,
బయట నూట అరవై డిగ్రీలు ఉంటుంది,
మధ్యలో నేనుండాలి.

కొలతలు తీసుకున్నాను.
ఛాతీ నలభై. భుజం పద్దెనిమిది.
కుడి మణికట్టు దగ్గర టేపు ఆగింది.
పాత గ్లోవు అంచు ఎక్కడ ముగిసిందో
అక్కడ చర్మం మీద గులాబీరంగు గాజు.
"వాల్వు నిట్టూర్చింది, అంతే" అన్నాడు,
ఎవరి మీదా చాడీ చెప్పనివాడిలా.

మొదటి కోటు మెరిసింది.
అల్యూమినియం పూత, అద్దం లాంటి వీపు.
అందులో చూసుకుని జుట్టు సర్దుకున్నాను కూడా.
ఇంజనీరు లిగాయా నవ్వలేదు.
"మంటకైతే ఇది చాలు, ఎదురుగా నిలబడి కొడుతుంది కనక.
ఆవిరికి తలుపు తట్టే అలవాటు లేదు."

లోపలి జేబుల్లో పచ్చి గుడ్లు పెట్టాం,
రొమ్ముకొకటి, మోచేతికొకటి, మోకాలికి, చంకకి.
కొయ్యబొమ్మకి కోటు తొడిగి
పైపు ముందు నిలబెట్టి నాలుగు నిమిషాలు లెక్కపెట్టాం.
రొమ్ము గుడ్డు పగలగొడితే సొన జారింది.
మోచేతిది సగం తెల్లబడింది.
చంకది మాత్రం కాపలా కుర్రాడు
పెంకు వలిచి, ఉప్పు అద్దుకుని తినేశాడు.
ఎవరం వద్దనలేదు.
కిరీనో తన చంకలో చెయ్యి పెట్టుకుని
కాసేపు అలాగే ఉన్నాడు.

భూతద్దం కింద తెలిసింది.
నా కుట్టే.
అంగుళానికి పన్నెండు పోట్లు, ముత్యాల వరస,
ప్రతి పోటూ ఒక బెజ్జం.
నేను గర్వపడ్డ చోటల్లా అది దారి కనుక్కుంది.
లోపలికొచ్చి, చల్లని ఒంటిని చూసి
మళ్లీ నీళ్లయింది.
నీళ్లవుతూ, మోసుకొచ్చిన వేడినంతా అక్కడే దించేసింది
అలసిన కూలీ మూట దించినట్టు.

సూది పక్కన పెట్టాను.
రబ్బరు పూత బట్ట, అంచు మీద అంచు,
కరిగించి అతికించే మొండి యంత్రం.
యాభై ఒకటో ఏట మళ్లీ అ ఆలు.
మొదటి వారమంతా నా వేళ్లు
గాలిలో దారం లాగుతూనే ఉన్నాయి.

గుడ్లన్నీ పచ్చిగా బయటికొచ్చిన రోజున
కిరీనో తొడుక్కున్నాడు.
పైపు దగ్గరికైనా పోలేదు,
మామిడి నీడలో అటూ ఇటూ నడిచాడంతే.
ఎనిమిదో నిమిషానికి కూలబడ్డాడు.
బూటు విప్పితే చెమట ధార కట్టింది.
దొంగ కోసం బిగించిన గడియ
ఇంటివాణ్ణి లోపలేసి ఉడికించింది.
మా అమ్మ అరిటాకులో చుట్టి ఆవిరికి పెట్టే సుమన్ గుర్తొచ్చింది.
ఆ రాత్రి నేను బియ్యం కడగలేదు.

ఇక లోపలికొక చొక్కా, చొక్కా నిండా అరలు,
అరల్లో చేపల మార్కెట్ ఐసు.
"సముద్రం కంపు కొడుతున్నా" అని గొణిగాడు.
కొట్టనీ.
ఈ చొక్కాకి మాత్రం సూదే వాడాను,
ఇక్కడ బెజ్జం ఉన్నా ఎవరూ చావరు.
కాలరు లోపల, పెళ్లికూతురి పేరు కుట్టే ఎర్రదారంతో
పద్నాలుగు అని అంకె వేశాను.
పదిహేనో నిమిషం నేను కుట్టలేదని
చదివినవాడికి తెలియాలి.

ఏడో నంబరు బావి దగ్గర వాల్వు మార్చే రోజు
జీపులో కూర్చున్నాను, ఒళ్లో గడియారం.
తెల్లటి గర్జనలో మనిషి కనపడకుండా పోయాడు.
తొమ్మిది. పది.
లిగాయా గోరు కొరుకుతోంది.
పదకొండున్నర.

బయటికొచ్చి, తలతొడుగు ఊడదీసి
దగ్గి, ఉమ్మి, నా వైపు చూసి
"మెడ దగ్గర ఒరుసుకుంటోంది" అన్నాడు.

టేపు తీశాను.